ఖాళీ అయిన కుర్చీలో ఎవరు కూర్చోవాలి?
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కొన్నేళ్ళ కిందట ఒక వేసవి సాయంత్రం, అమెరికాలో మా ఇంటికి గంట దూరంలో ఉన్న ఆరుబయలు వేదిక దగ్గర చికాగో అనే పేరున్న బ్యాండ్ కచేరీ విన్నాను. పచ్చికలో దుప్పట్లు పరుచుకుని కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది నాకంటే పెద్దవాళ్ళే. నా పక్కన దాదాపు 70 ఏళ్ళ ఆవిడ, ఆవిడ మనవరాలు కూర్చున్నారు. ట్రాంబోన్, ట్రంపెట్, సాక్సఫోన్ మూడూ కలిసి మొదటి వరస అందుకోగానే ఆ పెద్దావిడ కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టింది. మనవరాలు కాసేపు చూసి, "అమ్మమ్మా, ఆ గిటార్ వాయిస్తున్నాయన నీ చిన్నప్పటి ఆయనేనా?" అని అడిగింది. "కాదమ్మా, ఆయన ఎప్పుడో పోయాడు" అందావిడ. "మరి పాడుతున్నాయన?" "ఆయనా కాదు." ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు. అమ్మమ్మ ఏడుపు మాత్రం ఆగలేదు.

ఆ రోజు నుంచి నన్ను వదలని ప్రశ్న గురించే ఇవాళ మాట్లాడతాను. పాడినవాడు లేడు, గిటార్ వాయించినవాడు లేడు, అయినా ఆవిడ ఏడ్చింది. ఎవరిని చూసి? దేన్ని విని?

ముందుగా ఈ సంగీతం సంగతి. 1960ల చివర్లో అమెరికాలో రాక్ అంటే గిటార్లు, డ్రమ్స్. జాజ్ అంటే ట్రంపెట్లు, సాక్సఫోన్లు. రెండింటి శ్రోతలూ వేరు, చోట్లూ వేరు. 1967లో న్యూయార్క్‌లో ఒక బ్యాండ్, చికాగోలో ఒక బ్యాండ్ దాదాపు ఒకే సమయంలో ఈ రెండింటినీ ఒకే వేదిక ఎక్కించాయి. న్యూయార్క్ బ్యాండ్ పేరు బ్లడ్, స్వెట్ అండ్ టియర్స్. చికాగో బ్యాండ్ తొలి ఆల్బమ్ నాటికి ఆ ఊరి రవాణా సంస్థ పేరే పెట్టుకుంది. ఆ సంస్థ అభ్యంతరం చెప్పాక ఊరి పేరొక్కటే ఉంచుకుంది. మన పెళ్ళిళ్ళ బ్యాండు మేళంలో ట్రంపెట్, క్లారినెట్ విన్నవాళ్ళకి ఆ ఊపు కొత్తేమీ కాదు. ఇత్తడి వాయిద్యాలు నలుగురు ఒక్కసారి అందుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ ఊపుని రాక్ డ్రమ్స్ మీద పెట్టారు వీళ్ళు.

బ్లడ్, స్వెట్ అండ్ టియర్స్ కథ మొదటి ఏడాదిలోనే మలుపు తిరిగింది. బ్యాండ్ పెట్టినవాళ్ళలో ముఖ్యుడు ఆల్ కూపర్. 1968 మొదట్లో తొలి ఆల్బమ్ వచ్చింది, కొద్ది నెలల్లోనే కూపర్ వెళ్ళిపోయాడు. పెట్టినవాడే పోయాక ఇంకేం బ్యాండ్ అనుకునే పరిస్థితి. కానీ డ్రమ్మర్ బాబీ కొలంబీ, గిటారిస్టు స్టీవ్ కాట్జ్ ఆగలేదు. కెనడా నుంచి వచ్చిన డేవిడ్ క్లేటన్-థామస్ అనే బొంగురు గొంతు గాయకుణ్ణి తెచ్చారు. ఆ గొంతుతో వచ్చిన రెండో ఆల్బమ్‌లోంచి మూడు పాటలు అమెరికా పాటల జనాదరణ పట్టికలో 2వ స్థానం దాకా వెళ్ళాయి. 1970లో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం కూడా దానికే వచ్చింది. పోటీలో బీటిల్స్ 'ఆబీ రోడ్' ఉంది. అంటే లోకం గుర్తుపెట్టుకున్న ఆ బ్యాండ్ అప్పటికే మనుషులు మారిన బ్యాండ్. "అసలైనవాళ్ళు కారు" అని ఇవాళ ఎవరైనా అంటే నాకు ముందు ఇదే గుర్తొస్తుంది.

1970 వేసవిలో అమెరికా విదేశాంగ శాఖ తరఫున వాళ్ళు యుగోస్లావియా, రుమేనియా, పోలాండ్ తిరిగొచ్చారు. వియత్నాం యుద్ధం నడుస్తున్న కాలమది. ప్రభుత్వం పంపిస్తే వెళ్ళారని సొంత దేశంలోని యువతరం వాళ్ళని దూరం పెట్టింది. 1972లో క్లేటన్-థామస్ మానేశాడు, కొన్నేళ్ళకి తిరిగొచ్చాడు. ఈలోపు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 1970ల చివరికి వేదిక మీద స్థాపకులెవరూ లేరు. పేరు మీద హక్కు మాత్రం కొలంబీ దగ్గర ఉంది. ఆయన డ్రమ్స్ వాయించడం మానేసినా బ్యాండ్‌ని నడిపించాడు. క్లేటన్-థామస్ 2004లో పూర్తిగా తప్పుకున్నాక కూడా ఆ పేరుతో కచేరీలు సాగాయి. టీవీ పాటల పోటీలో పేరు తెచ్చుకున్న బో బైస్ కూడా కొన్నాళ్ళు ముందు నిలబడి పాడాడు. మొత్తం మీద వందమందికి పైగా ఆ బ్యాండ్‌లో వాయించి వెళ్ళారు.

వందమంది అనగానే నవ్వు రావచ్చు. కానీ ఆ వందలో ఎవరున్నారో చూడండి. బాస్ గిటార్ వాయించే తీరునే మార్చేసిన జాకో పాస్టోరియస్ 1970ల నడుమ కొన్నాళ్ళు అందులో ఉన్నాడు. ఆయన మొదటి సొంత ఆల్బమ్‌కి నిర్మాత ఆ కొలంబీయే. తర్వాత జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్ దగ్గర వాయించిన గిటారిస్టు మైక్ స్టెర్న్ కూడా కుర్రతనంలో అక్కడే కుదురుకున్నాడు. పాత పాటలు వాయిస్తూ ఊళ్ళు తిరిగే బ్యాండ్ అని చిన్నచూపు చూస్తాం. ఇరవై ఏళ్ళ కుర్రాడికి రోజూ రాత్రి ఇత్తడి వాయిద్యాల మధ్య నిలబడి వాయించే చోటు దొరకడం ఎంత గొప్ప సంగతో వాయించేవాళ్ళకే తెలుస్తుంది.

జాజ్‌లో ఒక మాట ఉంది, కుర్చీ. మొదటి ట్రంపెట్ కుర్చీ, రెండో ఆల్టో సాక్సఫోన్ కుర్చీ, ఇలా చెప్పుకుంటారు. మనిషి ఇవాళ ఉంటాడు, రేపు ఇంకో బ్యాండ్‌కి పోతాడు. కుర్చీ ఉంటుంది, దాని ముందు స్టాండు మీద రాసిన కాగితం ఉంటుంది. జాజ్ పియానిస్టు కౌంట్ బేసీ 1935లో ఆర్కెస్ట్రా పెట్టాడు, 1984లో కన్నుమూశాడు. ఆయన పేరుతో ఆ ఆర్కెస్ట్రా ఇప్పటికీ వాయిస్తోంది. 2024 ఫిబ్రవరిలో గ్రామీ కూడా అందుకుంది. అసలు బేసీ లేడు కదా అని జాజ్ లోకంలో ఎవరూ గొడవ చేయలేదు.

రాక్‌లో అలా కాదు. రాక్ బ్యాండ్ అంటే నలుగురి ముఖాలు. గోడ మీద పోస్టరు అంటించుకున్న పిల్లకి ఆ నలుగురూ స్నేహితులు. అందులో ఒకరు మారితే ఇంట్లో మనిషి మారినట్టే ఉంటుంది. జాజ్-రాక్ ఈ రెండింటికీ పుట్టిన బిడ్డ. తండ్రివైపు చూస్తే కుర్చీలో మనిషి మారడం మామూలు సంగతి, తల్లివైపు చూస్తే ద్రోహం. 50 ఏళ్ళుగా ఈ బ్యాండ్‌ల చుట్టూ నడుస్తున్న తగువంతా ఇదేనని నా ఉద్దేశం.

చికాగో బ్యాండ్ మొదటి నుంచీ, తెలిసో తెలియకో, ముఖాల్ని వెనక్కి పెట్టింది. వాళ్ళ ఆల్బమ్‌ల అట్టలు చూడండి. చాలావాటి మీద మనుషులు ఉండరు, వంపులు తిరిగిన అక్షరాలతో పేరొక్కటే ఉంటుంది. ఒకదాని మీద చెక్కలో చెక్కినట్టు, ఇంకోదాని మీద చాక్లెట్ బిళ్ళలా. ఆల్బమ్‌లకి పేర్లు కూడా పెద్దగా పెట్టలేదు, అంకెలు వేశారు. ఇంగ్లండ్‌లో సాఫ్ట్ మెషీన్ అనే బ్యాండ్ కూడా ఇలాగే మూడు, నాలుగు, ఐదు అని వేసుకుంటూ పోయింది. ఏడో సంఖ్య వేశారంటే ఎనిమిదోది వస్తుందని ముందే చెప్పినట్టు. ఎవరు వాయిస్తారో చెప్పలేదు.

తొలి ఆల్బమ్ నాటికి చికాగోలో ఉన్నది ఏడుగురు. రాబర్ట్ లామ్ కీబోర్డు, టెర్రీ కాథ్ గిటార్, పీటర్ సెటెరా బాస్, డానీ సెరాఫిన్ డ్రమ్స్, వాల్టర్ పారాజైడర్ సాక్సఫోన్, లీ లాక్నేన్ ట్రంపెట్, జేమ్స్ పాంకో ట్రాంబోన్. 1978 జనవరి 23న టెర్రీ కాథ్ తుపాకీ ప్రమాదవశాత్తు పేలి చనిపోయాడు. ఇంకో ఎనిమిది రోజులకి 32 నిండేవి. మిగిలినవాళ్ళు ఆపేద్దామా అని ఆలోచించి, చివరికి కొనసాగారు. 1985లో సెటెరా సొంతంగా పాడుకోవడానికి వెళ్ళిపోయాడు. 1990లో డ్రమ్మర్ సెరాఫిన్‌ని తీసేశారు. సెటెరా చోటులోకి వచ్చిన జేసన్ షెఫ్ 2016 దాకా, అంటే 30 ఏళ్ళకు పైగా ఉన్నాడు. సెటెరా ఉన్న కాలం దాదాపు 18 ఏళ్ళే. అయినా షెఫ్‌ని చివరిదాకా "సెటెరా బదులు వచ్చినతను" అనే పిలిచారు. ఇది నాకు బాధగా ఉంటుంది. 30 ఏళ్ళు ఒక ఇంట్లో కాపురం చేసినవాణ్ణి అద్దెకున్నవాడు అన్నట్టు మాట్లాడడం న్యాయం కాదు.

2016లో ఆ బ్యాండ్‌ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. చేర్చింది ఆ మొదటి ఏడుగురినే. సెరాఫిన్ వచ్చి పాత మిత్రులతో కలిసి వాయించాడు. సెటెరా రాలేదు. పారాజైడర్ 2017లో ఊళ్ళు తిరగడం మానేశాడు. ఆ తర్వాత వేదిక మీద మొదటి ఏడుగురిలో మిగిలింది ముగ్గురే: లామ్, లాక్నేన్, పాంకో.

ఆ ముగ్గురిలో ఇద్దరు ఎవరో గమనించారా? ట్రంపెట్, ట్రాంబోన్. ఆ బ్యాండ్‌కి ఇత్తడి వరసలు రాసిందే ఎక్కువగా పాంకో. ముందు నిలబడి పాడే గొంతులు మారాయి, గిటార్ చేతులు అరడజను సార్లు మారాయి. వెనక ఇత్తడి వరస మాత్రం చాలాకాలం అదే ఊపిరితో నడిచింది. ఆ పెద్దావిడ మొదటి వరసకే ఎందుకు ఏడ్చిందో ఇది తెలిశాకే నాకు అర్థమైంది. ఆవిడ విన్నది మారనిదాన్నే.

ఇక్కడ మన సంగీతంలోంచి రెండు మాటలు తీసుకుంటాను. ఒకటి పాఠాంతరం, రెండోది మనోధర్మం. త్యాగరాజ కృతి గురువు నుంచి శిష్యుడికి ఒక పాఠాంతరంలో వస్తుంది. సంగతులు ఏ వరసలో రావాలో, ఎక్కడ ఎత్తుగడో, ఎక్కడ ముగింపో అందులో ఉంటాయి. దాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. కానీ అప్పటికప్పుడు అల్లి పాడే నెరవలు, స్వరకల్పన దగ్గరకి వచ్చేసరికి గురువుగారి స్వరాలే బట్టీపట్టి పాడితే "బాగా నేర్చుకున్నాడు" అంటారు తప్ప "బాగా పాడాడు" అనరు. అక్కడ శిష్యుడు తన సొంత బుర్రతో, తన సొంత గుండెతో పాడాలి. జాజ్‌లోనూ ఇంతే. రాసిన వరస పాఠాంతరం, ఒక్కరే అప్పటికప్పుడు అల్లి వాయించే సోలో మనోధర్మం.

ఇప్పుడు చికాగో వాళ్ళది 1970 నాటి పాట ఒకటి వినండి. లామ్ రాశాడు, సెటెరా పాడాడు. కాథ్ గిటార్ సోలో వచ్చినప్పుడు జాగ్రత్తగా వినండి. ఆ ఏడాది జులైలో టాంగిల్‌వుడ్ అనే చోట వాయించిన రికార్డు ఇది.

(రికార్డు వినిపించారు.)

విన్నారుగా. ఆ వేగం, ఆ అరుపు. అది ఆ రాత్రి పుట్టింది. స్టూడియోలో వాయించిన సోలో వేరు, ఇది వేరు. కాథ్ తన సోలోని తానే మళ్ళీ అలాగే వాయించలేదు! కానీ ఆయన పోయాక ఆ కుర్చీలోకి వచ్చినవాళ్ళ మీద పడే బరువు ఏమిటంటే, జనం రికార్డులో ఉన్న సోలోనే అడుగుతారు. ఒక్క స్వరం తేడా వచ్చినా "ఇది అది కాదు" అంటారు. చనిపోయినవాడికి ఇచ్చిన స్వేచ్ఛ బతికి ఉన్నవాడికి ఇవ్వరు. నేను చూసిన కచేరీలో గిటారిస్టు సగం సోలో రికార్డులో ఉన్నట్టే వాయించి, మిగతా సగంలో ఒక్కసారి గీత దాటాడు. ఎనిమిది, మహా అయితే పదహారు తాళావర్తాలు, అంతే. నాకు ఆ రాత్రి మొత్తంలో ప్రాణం లేచొచ్చిన క్షణం అదే. మళ్ళీ వెంటనే పాత దారికి వచ్చేశాడు.

మనుషులు మారడాన్ని నేను తప్పు పట్టను. కుర్చీలో కూర్చున్నవాణ్ణి తన సోలో తాను వాయించుకోనివ్వకపోవడాన్ని తప్పు పడతాను. అక్కడే ఆ బ్యాండ్ జాజ్-రాక్‌లోని జాజ్‌ని పోగొట్టుకుంటుంది.

ఎందుకు ఇలా అవుతుందో కూడా చూడాలి. ఒక నలుగురు గిటార్లతో ఒక వ్యాన్‌లో ఊళ్ళు తిరగొచ్చు. తొమ్మిది పదిమంది ఉన్న బ్యాండ్‌కి జీతాలు, హోటళ్ళు, సామాను, ప్రయాణం అన్నీ పెద్ద ఖర్చు. రికార్డుల మీద వచ్చే డబ్బు ఎప్పుడో పడిపోయింది. కచేరీలే ఆధారం. టిక్కెట్టు కొనేది ఆ పెద్దావిడ లాంటివాళ్ళు. వాళ్ళు కొనేది ఆ పేరు, ఆ పాటలు. 2018 నుంచి లాస్ వేగాస్‌లో చికాగో వాళ్ళు వరసగా కచేరీలు చేస్తే అక్కడికొచ్చేవాళ్ళకి కొత్త ఆల్బమ్ అక్కర్లేదు. స్టీలీ డాన్ అనే ఇంకో గొప్ప జాజ్-రాక్ జోడీలో వాల్టర్ బెకర్ 2017లో చనిపోయాడు. మిగిలిన డొనాల్డ్ ఫేగన్ ఆ పేరుతోనే కచేరీలు సాగించాడు. పేరు ఎవరిదన్న దాని మీద బెకర్ వారసులతో వ్యాజ్యం కూడా నడిచింది. అంతకు 45 ఏళ్ళ కిందట, 1972లో, కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు సంతకం పెట్టిన ఒప్పందం అప్పుడు బయటికొచ్చింది. బ్యాండ్ పెట్టే రోజున ఎవరూ చావు గురించి ఆలోచించరు. పేరు మాత్రం ఆస్తి అయి కూర్చుంటుంది.

ఆ పెద్దావిడని తప్పు పట్టను. పాత రోజుల మమకారం తక్కువరకం సంగతి అనే విమర్శకులు నాకు నచ్చరు. మనం ఘంటసాల పద్యం ఏ కుర్రాడైనా వేదిక మీద పాడుతుంటే వినడం లేదూ? ఆ కుర్రాడు ఘంటసాల కాడని మనకి తెలియదా? తెలిసీ కళ్ళు చెమరుస్తాయి. ఆ కన్నీరు నిజమైనదే. నేను అడిగేదల్లా, ఏడ్చిన ఆవిడకి ఒక పాట, మనవరాలికి ఒక పాట ఉండాలని.

అలా చేసిన బ్యాండ్ ఉందా అంటే, ఉంది. సాఫ్ట్ మెషీన్. 1966లో ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ కుర్రాళ్ళు మొదలుపెట్టారు. పాడుతూ డ్రమ్స్ వాయించిన రాబర్ట్ వయట్ 1971లో బయటికొచ్చేశాడు. 1976లో కీబోర్డు వాయించే మైక్ రాట్లెడ్జ్ కూడా వెళ్ళాక స్థాపకులు ఒక్కరూ లేరు. అయినా ఆ పేరుతో సంగీతం నడిచింది, పూర్తిగా వేరే సంగీతం. 1972లో వచ్చిన డ్రమ్మర్ జాన్ మార్షల్, 1975లో వచ్చిన గిటారిస్టు జాన్ ఎథరిడ్జ్ తర్వాత దశాబ్దాలపాటు దాన్ని మోశారు. మధ్యలో ఆగిపోయింది, 2000ల్లో వేరే పేర్లతో లేచింది, 2015లో మళ్ళీ పాత పేరే పెట్టుకుంది. 2018లో, 2023లో కొత్త ఆల్బమ్‌లు తెచ్చారు. రెండోదే మార్షల్ ఆఖరి రికార్డు. అదే ఏడాది సెప్టెంబర్‌లో, 82 ఏళ్ళ వయసులో ఆయన వెళ్ళిపోయాడు. ఆ కుర్చీలో అసఫ్ సిర్కిస్ కూర్చున్నాడు. వాళ్ళ కచేరీలో 1970 నాటి పాట వస్తుంది, కానీ దాని మధ్యలో ఏం జరుగుతుందో ముందు ఎవరికీ తెలియదు. అక్కడికి వచ్చే జనం తక్కువ. లాస్ వేగాస్ హాలు నిండదు. అది కూడా నిజమే, దాచను.

ఇంక మన గోదావరి జిల్లా దాకా వచ్చే కథ ఒకటుంది. గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టాడు. జాజ్-రాక్‌లో అంత వేగం, అంత తాళ గణితం అంతకుముందు లేవు. రెండేళ్ళకే మొదటి జట్టు విడిపోయింది. ఆ తర్వాత ఆయన పక్కకి తిరిగి, విద్యుత్ గిటార్ దించేసి, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటంతో శక్తి అనే బృందం కట్టాడు. 1978కి అదీ ఆగింది. 1997లో 'రిమెంబర్ శక్తి' అని తిరిగి మొదలైంది. పేరులోనే జ్ఞాపకం ఉంది చూడండి. ఘటం వాయించిన వినాయకరామ్ చోటులోకి ఆయన కొడుకు సెల్వగణేశ్ వచ్చాడు, కానీ ముఖ్యంగా కంజీరతో. వయొలిన్ చోటులోకి వచ్చింది మాండలిన్. పాలకొల్లులో పుట్టిన మన యు. శ్రీనివాస్.

శ్రీనివాస్‌ని శంకర్‌లా వాయించమని ఎవరూ అడగలేదు. అడిగినా కుదరదు, వాయిద్యమే వేరు. కొడుకుని తండ్రిలా వాయించమనీ అడగలేదు. ఆ కుర్చీలోకి ఎవరొస్తే వాళ్ళ చేతిలో ఏముందో దాని చుట్టూ సంగీతాన్ని కొత్తగా కట్టుకున్నారు. మెక్‌లాఫ్లిన్ గిటార్ ఒక ప్రశ్న వేస్తే శ్రీనివాస్ తలొంచుకుని, చిరునవ్వుతో, గమకంతో జవాబు చెప్పడం చూసినవాళ్ళు మర్చిపోలేరు. 2014 సెప్టెంబర్ 19న, 45 ఏళ్ళకే ఆయన చనిపోయాడు. బృందం చాలాకాలం మౌనంగా ఉండిపోయింది.

తర్వాత మళ్ళీ కూడినప్పుడు ఇంకో మాండలిన్ విద్వాంసుణ్ణి వెతికి తేలేదు. గణేశ్ రాజగోపాలన్ వయొలిన్‌తో వచ్చాడు. శంకర్ మహదేవన్ గాత్రం అప్పటికే ఉంది. 2023లో కొత్త ఆల్బమ్ వచ్చింది, 2024 ఫిబ్రవరిలో దానికి గ్రామీ వచ్చింది. ఇందాక చెప్పిన బేసీ ఆర్కెస్ట్రాకి వచ్చింది కూడా ఆ వేడుకలోనే. అదే ఏడాది డిసెంబర్ 15న జాకిర్ హుస్సేన్ వెళ్ళిపోయారు.

ఆ ఆల్బమ్‌లో మొదటి పాటకి పెట్టిన పేరు 'శ్రీనీస్ డ్రీమ్', మన శ్రీనివాస్ కల. బృందంలో మాండలిన్ లేదు, ఆయన లేడు. పాట మాత్రం ఆయన పేరుతోనే మొదలవుతుంది. అదే ఇప్పుడు వినిపిస్తున్నాను. వయొలిన్ అందుకునే చోట గణేశ్ ఏం చేశాడో వినండి, తర్వాత మాట్లాడుకుందాం. వెనక ఉన్నవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

(రికార్డు వినిపించారు.)